అమ్మోరి వాటా తీశాక పావు

మొన్న బంధువుల ఇంట పెళ్ళిలో పచ్చి అడ్డాకు విస్తట్లో పొగలు కక్కే అన్నం వడ్డించేసరికి, ఆకు కమిలి లేచిన ఆ వగరు వాసనకి నేను భోజనం సంగతే మరిచిపోయి, ముంచింగిపుట్టుకి ఎగువన కొండవాలులో మా నాన్న పూరిపాకలో నడిపిన బడికి వెళ్ళిపోయాను. పక్కన కూర్చున్న కోడలు "పప్పు చల్లారిపోతోంది అత్తయ్యా" అంటున్నా నా చెవికెక్కలేదు.

అవి పందొమ్మిది వందల ఇరవైలు. నాన్నది విజయనగరం వైపు సేద్యం చేసుకునే కుటుంబం. ఏజెన్సీలో పంతులు పని అనగానే చుట్టాలందరూ చలిజ్వరం పట్టుకుంటుందని భయపెట్టారు. ఆయన ఎవరి మాటా వినకుండా అమ్మనీ నన్నూ బండి దింపి కాలినడకన కొండెక్కించేశాడు. అక్కడ ఉన్నంత హాయిగా నేను తరవాత ఎక్కడా లేను. వానలు వెనకబట్టి, వాలు మొత్తం వలిసెపూలతో పచ్చపచ్చగా మెరిసే రోజుల్లో, పొద్దెక్కినా విడవని మంచులో, పిల్లలమంతా నెగడు చుట్టూ ముడుచుకుని ఎక్కాలు అరుస్తూ, ఎవరి నోట్లోంచి ఎక్కువ పొగ వస్తుందోనని పందెం వేసుకుంటూ, మధ్యలో ఎవరింటి నుంచో వచ్చిన చోడంబలిని ఒకే సొరకాయ బుర్రలోంచి వంతులవారీగా తాగేవాళ్ళం. నా పక్క చోటు ఎప్పుడూ బుద్రిదే. బుధవారం పుట్టింది గనక బుద్రి. చెట్టెక్కడంలోనూ ఈల వెయ్యడంలోనూ నాకు గురువు. అది లేకుండా నేను ఏటికి కూడా వెళ్ళేదాన్ని కాదు.

ఆ ఏడు మూడో తరగతికి భిన్నాలు మొదలయ్యాయి. అదే సమయానికి, పుష్యమాసంలో ఇనస్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. మూడో తరగతి గట్టెక్కకపోతే బడిని కింద సంత ఊరికి మార్చేస్తారట, నాన్నని మైదానానికి పంపేస్తారట. అమ్మకి లోలోపల సంతోషమే, పుట్టింటికి దగ్గరవుతుందని. నాకు మాత్రం బుద్రి లేని ఊరు తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

"ఇరవైలో పావెంతర్రా?" అని నాన్న అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో "నాలుగు!" అనేది. నలభైలో పావు ఎనిమిది అనేది. నేనొక్కదాన్నే అయిదనీ పదనీ చెప్పేదాన్ని, అందరూ నావైపు జాలిగా చూసేవారు. ఒకర్ని చూసి ఒకరు చెబుతున్నారేమోనని నాన్న దూరదూరంగా కూర్చోబెట్టాడు. అయినా నాలుగే. వేయించిన అడ్డపిక్కలు తెచ్చి లెక్కపెట్టించబోతే, లెక్క సగంలో ఉండగానే పిక్కలు కడుపుల్లోకి వెళ్ళిపోయేవి. విసిగిపోయి చివరికి ఎవరూ నోట పెట్టుకోని ఆముదపు గింజలు తెచ్చాడు.

ఇరవై గింజలు బుద్రి ముందు పోసి నాలుగు సమాన భాగాలు చెయ్యమన్నాడు. అది చకచకా సర్దింది. తీరా చూస్తే అయిదు కుప్పలు.

"ఆ ఐదోది ఏటే?"

"జాకరమ్మది. అమ్మోరికి ఎట్టకుండా మనవెలా తింతాం పంతులు బాబూ?"

ఆముదపు గింజలు ఎలాగూ తినలేమన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. నాన్న గోడకి చేరగిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ ఊళ్ళో కొత్త సామలొచ్చినా, కొత్త చిక్కుళ్ళొచ్చినా, వేటమాంసమైనా, కొండదేవత జాకరమ్మకి అందరితో సమంగా ఒక వాటా తీశాకే మనుషులు పంచుకునేవారు. కొత్త పండగ కాకుండా ఎంత ఆకలేసినా పిల్లలు చేలో చిక్కుడుకాయ తుంచేవారు కారు. ఆ పండగనాడు కొత్త సామన్నం, చిక్కుడుగింజల కూర కుండల్లో ఉడుకుతుంటే, డప్పుల మోతకి ఆడవాళ్ళు నడుములు పట్టుకుని వరసగా థింసా ఆడుతుంటే, మేం అమ్మవారి ఆకు వైపే చూస్తూ, ఆమె వాటా ఎప్పుడు పడుతుందా, మా ఆకుల్లోకి కూర ఎప్పుడొస్తుందా అని గుటకలు మింగేవాళ్ళం. పిల్లలు తప్పు చెయ్యలేదు, వాళ్ళింట్లో లెక్క చెప్పారంతే.

మర్నాటి నుంచి నాన్న ప్రతి లెక్కా "అమ్మోరి వాటా తీసేశాక మిగిలినవి ఇరవై" అంటూ మొదలుపెట్టాడు. అయిదులు, పదిహేనులు గలగలా వచ్చేశాయి. నా బెంగ తీరిందనుకున్నాను.

ఇనస్పెక్టరుగారు తలపాగా, నల్లకోటుతో గుర్రం దిగారు. నవ్వే మనిషిలా లేరు. కూర్చుంటూనే బుద్రిని లేపి, "ఇరవై పనసతొనల్లో పావెంత?" అన్నారు. అమ్మవారి మాటే లేదు! నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

బుద్రి తొణకలేదు. "అమ్మోరికి తీసేసినారా బాబూ, ఇంకా నేదా?" అని అడిగింది.

ఆయన నాన్నవైపు చూశారు. నాన్న తడబడుతూ సంగతి చెప్పాడు. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, "ఇంకా తియ్యలేదమ్మా" అన్నారు.

"అయితే నాలుగు."

"తీసేశాను అనుకో?"

"అయిదు."

"మరి ముప్పావు?"

"తీసేస్తే పదిహేను, తియ్యకపోతే పన్నెండు. బేగి తీసెయ్యండి బాబూ, పనస పాడైపోద్ది."

ఆయన పగలబడి నవ్వారు. "మాస్టారూ, ఈ బడిని కదపడానికి నాకు చేతులు రావు" అన్నారు. నేనూ బుద్రీ చేతులు పట్టుకుని కేకలు పెడుతూ ఏటిదాకా పరిగెత్తాం. అమ్మ ఆ రోజు కోపంగా ఉన్నట్టు నటిస్తూనే బెల్లం పరవాన్నం వండింది.

ఇప్పుడా కొండమీదికి బస్సు వెళుతుందట, బడికి సిమెంటు కప్పు వేశారట. బుద్రి ఎక్కడుందో తెలీదు. నేనూ పంతులమ్మనై పట్నంలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పాను, ఇప్పుడు మనవలకి చెబుతున్నాను. ఇరవైలో పావెంత అంటే వాళ్ళు తడుముకోకుండా అయిదంటారు. సరైన జవాబే, భేష్ అంటాను. అనే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగుతాను, ఎవరైనా తిరిగి నన్నే ఒక ప్రశ్న అడుగుతారేమోనని. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.