బండి మీది మగ్గం

మొన్న రాఖీ పున్నమికి మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి ఊరేగింపు మా ఊరి అశోక్ చౌక్ దాటుతుంటే, ట్రాక్టర్ మీద ఆడుతున్న మగ్గం నుంచి గంజి వాసన వచ్చింది. నా ఈడు వాళ్లారా, ఆ వాసనకు మీకు ఏం గుర్తొస్తుంది? నాకైతే మా అమ్మ వేళ్లు.

నా చిన్నప్పుడు అది ఎద్దుల బండి. ఊరేగింపు గుడి చేరేలోగా బండి మీదే బట్ట నేసి దేవుడికి కప్పాలి. ఆ ఏడు మగ్గం ముందు కూర్చున్నది కులపెద్ద. నేత మానేసి వ్యాపారంలో దిగి చాలా ఏళ్లయిన మనిషి. చక్రం గుంతలో పడి పడుగు పోగులు పటపటా తెగాయి. ఆయన తలపాగా సర్దుకుంటూ కూర్చున్నాడు. ఇంట్లో నాన్న మగ్గం మీద తెగిన పోగులన్నీ అతికేది అమ్మే. కొంగు బిగించి బండెక్కింది.

"ఆడది బండెక్కుడేంది?" అన్నాడు పెద్ద.

"పోగులు అతికేటోళ్లు ఎక్కుతరు మామా. నువ్వు జర దిగు, జాగ చాల్తలేదు."

జనం గొల్లుమన్నారు. ఆయన దిగి నడిచాడు. బీడీలు చుట్టి తంబాకు మరకలు పడ్డ వేళ్లతో అమ్మ పోగులన్నీ అతికి, గుడి దాకా తానే నేసింది. దేవుడి మీద ఆ బట్ట చూసి ఎంత పొంగిపోయానో! మైకులో మాత్రం నేసినవాడిగా కులపెద్ద పేరే చదివారు.

మొన్న ఆయన మనవడు కూడా మైకులో తాత నేసిన బట్ట గురించే చెప్పాడు. దగ్గరికి వెళ్లి అసలు సంగతి చెప్పాను.

"గట్లని ఏడ రాసుంది కాకా?" అని నవ్వాడు.

ఇంటినిండా పుస్తకాలున్నాయి నాకు, ఏ ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఇక్కడ, మన గ్రూపులో రాస్తున్నాను. ఆ బట్ట నేసింది మా అమ్మ రాజవ్వ. రాశాక నా ప్రాణం హాయిగా ఉంది. ఇది కాస్త ఆ మనవడికీ పంపండి.