సముద్రం అడుగున రాళ్లున్న చోట

సముద్రాన్ని మొదటిసారి చూసేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సముద్రం అడుగున కేబుళ్లు వేసే కంపెనీలో ఉద్యోగం వచ్చాకే చూశాను. మాది బచ్చన్నపేట దగ్గరి పల్లె. వానలు పడి చెరువు నిండిన ఏడు నాలుగు మళ్లు వరి, లేకపోతే పత్తే. ఉద్యోగం సంగతి చెబితే నాయిన భయపడ్డాడు.

"నీళ్లల్ల కరెంటు తీగలేస్తరా బిడ్డా?"

"గవి గాజు తీగలు నాయినా. ఇంటర్నెట్ దేశాలు దాటి పోయేది గా తీగలల్లకెల్లే."

తల ఊపాడు గానీ నమ్మలేదు.

కేబుల్‌కు దారి గీయడం నా పని. పడవలోంచి నీళ్లలోకి శబ్దం పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి అడుగుకు పటం తయారుచేస్తారు. ఇసుక ఉన్నచోట కేబుల్‌ను పాతిపెడితే వలలూ లంగర్లూ తగలవు. రాళ్ల మీద పడితే అలల ఊపుకు ఒరుసుకుని తెగిపోతుంది.

మా కేబుల్ ఒడ్డుకు చేరాల్సిన ఊళ్లో మత్స్యకారులతో సమావేశం పెట్టారు. మా పెద్దసారుతో కలిసి వెళ్లాను. నేను నోరు తెరవగానే వెనక కూర్చున్న కుర్రాళ్లు నా యాసకు నవ్వారు. చెవులు వేడెక్కాయి. ఒక ముసలాయన వాళ్లను కసిరి, లేచి పటం దగ్గరికి వచ్చాడు. నేను గీసిన గీత మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ రాళ్లున్నాయమ్మా. మా వలలు ఎన్ని చిరిగిపోయాయో."

"సర్వేలో ఇసుకే వచ్చింది," అన్నారు పెద్దసారు. సమావేశం అంతటితో ముగిసింది.

మరుసటి వారం అమ్మకు జనగామ దవాఖానలో కంటి ఆపరేషన్ అయితే సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. ముసలాయన వేలు పెట్టిన చోటు మనసులోంచి పోలేదు. మంచం మీద లాప్‌టాప్ తెరిచి సర్వే పడవ తిరిగిన జాడలు ఒక్కొక్కటే చూశాను. సరిగ్గా అక్కడే పడవ పక్కకు తిరిగింది. వలలు అడ్డం వచ్చాయని రాసి ఉంది. ఖాళీగా మిగిలిన చోటును, రెండు పక్కలా ఇసుకే ఉంది కాబట్టి, కంప్యూటర్ ఇసుకతో నింపేసింది.

పెద్దసారుకు ఫోన్ చేసి, ముసలాయన వలల మాట గుర్తుచేసి, అక్కడ మళ్లీ సర్వే చేయిద్దామన్నాను. "కేబుల్ వేసే ఓడ వచ్చే టైమైంది. మళ్లీ సర్వే చేయించి అక్కడ ఏమీ లేదని తేలితే, జవాబు నువ్వే చెప్పుకోవాలి," అన్నారు.

ఫోన్ పెట్టేశాను. కంటికి కట్టుతో పక్కన పడుకున్న అమ్మ అంతా విన్నది.

"ఆడ రాళ్లున్నయో లేవో నువ్వు సూసినవా?"

"లేదమ్మా."

"మీ సారు సూసిండా?"

"ఆయన గూడ సూడలే."

"మరి ముసలాయన వలలు చింపుకున్నడు గదనే. ఇంకేం పరేషాన్? మల్ల సూడుమని అడుగు."

ఆ పూటే మళ్లీ సర్వే చేయించమని పెద్దసారుకు మెయిల్ రాశాను. ఏమైనా తేడా వస్తే బాధ్యత నాదేనని కూడా రాశాను. నాలుగు రోజులకు చిన్న సర్వే పడవ ఒకటి వెళ్లింది. దారి చూపడానికి ముసలాయన కూడా ఎక్కాడట. సాయంత్రానికి ఆ సర్వే బొమ్మలు నా లాప్‌టాప్‌కు వచ్చాయి. ఇసుక మధ్యలో నల్లగా, పొడవుగా రాతి గట్టు! నేను అరిచిన అరుపుకు నాయిన వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

గట్టును చుట్టి కొత్త దారి గీశాను. పెద్దసారు ఫోన్ చేసి, "నేను ముందే వినాల్సింది," అన్నారు. నాకు అదే చాలు.

కేబుల్ ఒడ్డుకు చేరే రోజుకు అమ్మానాయినలను జనగామలో రైలెక్కించి తీసుకెళ్లాను. దూరంగా నిలబడ్డ ఓడ నుంచి, తేలడానికి కట్టిన నారింజరంగు బుడగలతో కేబుల్ మెల్లగా వస్తోంది. నాయిన మోకాళ్లదాకా నీళ్లలో దిగి, చేత్తో తీసుకుని నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేశాడు.

"గిన్ని నీళ్లుండి తాగనీకి పనికిరావాయె!"

పక్కనున్న ముసలాయన పగలబడి నవ్వాడు. "మాకూ తాగే నీళ్లు ట్యాంకరే తేవాలండి," అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఇసుకలో కూర్చుని, బోర్ల గురించీ వలల గురించీ, అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా రెండోసారి చెప్పించుకుంటూ, మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారు.

నల్లకళ్లద్దాలతో అమ్మ నా పక్కన నిలబడింది. ఈతగాళ్లు బుడగలను ఒక్కొక్కటే కోసేస్తుంటే కేబుల్ నేను గీసిన దారిలో నీళ్ల కిందికి దిగిపోయింది. ఇప్పుడు వేరే తీరానికి దారి గీస్తున్నాను. సర్వే పడవ బయలుదేరకముందే ఆ ఊళ్ల వాళ్లతో రెండు రోజులు కూర్చుని వచ్చాను.