మీ ఇండ్లల్లో పంపరులే

జమ్మలమడుగులోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్లు సుహానా మేడం గురించి ముందే చెప్పి పెడతారు. ఫిజిక్సు రాకపోయినా ఆమె ఓర్చుకుంటుంది గానీ, ఇంటి ఫోన్ నంబరు తప్పు రాసిస్తే మాత్రం తోలు తీస్తుంది అని. ఎందుకంటే చలికాలం రాగానే ఆమె ఒక్కొక్క ఇంటికీ తనే ఫోన్ చేస్తుంది.

ఆ ఫోన్ల సంగతి ఇది. దేశంలోని పెద్ద పరిశోధన సంస్థలు ఫిజిక్సు, కంప్యూటర్లు చదివే డిగ్రీ పిల్లల్ని వేసవిలో రెండు నెలలు తమ దగ్గర పెట్టుకుని పని నేర్పుతాయి. గదీ తిండీ వాళ్ళవే. కానీ పిల్ల దరఖాస్తు పెడితే చాలదు. చదువు చెప్పే అయ్యవారు ఒకరు ఈ పిల్ల పనికొస్తుందని ఆ సంస్థ వెబ్‌సైట్లో తన మాటగా రాసి పంపాలి. ఆ మాట చేరకపోతే పిల్ల ఎంత బాగా రాసినా ఆ దరఖాస్తు చెత్తబుట్టకే పోతుంది.

సుహానా ఆ మాట రాసే ముందు ఇంటివాళ్ళను అడుగుతుంది. "మీ పాపను ఎండాకాలం రెండు నెలలు బెంగుళూరికి పంపుతారామ్మా?" మైలవరంలో చేపలు పట్టేవాళ్ళ ఇంటికైనా, లింగాల దగ్గర చీనీ, అదే బత్తాయి, తోట ఉన్న ఇంటికైనా అదే ప్రశ్న. తోటి లెక్చరర్ వనజమ్మ ఒకసారి నవ్వింది.

"వాళ్ళు ఒప్పుకోరని తెల్సి గూడా ఫోన్ చేస్తాండావే, నీకేం పనిల్యాదా?"

"మేం ఒప్పుకోం అని వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పాల మేడం. వాళ్ళ బదులు మనం చెప్పగూడదు."

ఊరు దీన్ని మంచితనం అంటుంది. మంచితనమూ కాదు, మన్నూ కాదు. అది పగ. ఏడేళ్ళుగా కడుపులో పెట్టుకుని పెంచిన పగ.

సుహానాది ప్రొద్దుటూరు. ఆమె అబ్బా రహమతుల్లా పరుపులు కుట్టేవాడు. అమ్మీ షాహీదాబీ పక్కన కూర్చుని దూది కూరేది. ఇల్లు నాపబండల మిద్దె. ఎండాకాలం ఆ బండలు పగలంతా ఎండను మింగి, పొద్దు మునిగాక ఇంట్లోకి కక్కుతాయి. డిగ్రీ రెండో ఏడులో సుహానా ఆ వేడి బండలోంచి ఎట్లా దిగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి కాలేజీ కంప్యూటర్లో రాసింది. ఎప్పటికి ఇల్లు చల్లబడుతుందో, ఎప్పుడు మంచం లోపల వేసుకోవచ్చో అది చెప్పేది. రహమతుల్లా దాని మాట విని మంచం లోపలికీ బయటికీ మోసేవాడు. ఎవరన్నా అడిగితే "మా పాప కంప్యూటరు చెప్పినాదప్పా" అనేవాడు. ఆ ప్రోగ్రాంనే చూపించి ఆమె బెంగుళూరుకు దరఖాస్తు పెట్టింది. సిఫారసు పంపాల్సింది ఫిజిక్సు హెడ్డు త్రివిక్రమరావు సార్.

ఆ ఏడు రంజాను నెల సరిగ్గా ఆ వేసవిలోనే పడింది. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి సుహానా భయపడింది. షాహీదాబీ దూది కూరుతూనే జవాబు చెప్పింది.

"రోజాలు యాడున్నా ఉండొచ్చు. ఆ చదువు ఈడ ల్యాదు గదా."

అంతే, ఇంట్లో ఆ చర్చ అయిపోయింది. రహమతుల్లా మంచి దూది ఏరి, హాస్టలు మంచానికి సరిపోయేట్టు, చుట్టి చంకలో పెట్టుకునేంత పలచటి పరుపు ఒకటి నీలం చారల గుడ్డలో కుట్టాడు. సహరీకి చీకట్లో లేస్తే తినడానికని షాహీదాబీ ఏయే డబ్బాలు పంపాలో పక్కింటివాళ్ళతో కూడా ఆలోచించింది.

వెబ్‌సైట్లో మాత్రం సార్ మాట ఇంకా చేరలేదనే చూపిస్తోంది. సుహానా పోయి అడిగింది. "పంపుతాలేమ్మా" అన్నాడు. ఇంకోసారి అడిగింది. "పంపినట్టే అనుకో, పో" అన్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టని అయ్యవారి గురించి మన పెద్దలు సామెత కట్టలేదు, ఏం తోచలేదో వాళ్ళకు.

ఎంపికైనవాళ్ళ జాబితాలో తన పేరు లేకపోయేసరికి ఆమె స్టాఫ్‌రూముకు పోయింది. సార్ కమలాపండు ఒలుస్తున్నాడు. ముఖంలో రవ్వంత కోపం గానీ, తప్పు చేసిన జంకు గానీ లేదు.

"ఉపవాసాల నెలలో పడింది గదమ్మా. మీ ఇండ్లల్లో పంపరులే అని నేనే రాయలా. సీటొచ్చినాక నువ్వు పోకపోతే కాలేజీకి మాటొస్తాది. నీ మంచికే."

పక్కనున్న లెక్చరర్లు అవునన్నట్టు తలలూపారు. సుహానా నోట ఒకే మాట వచ్చింది. "సరే సార్." ఇన్నేళ్ళుగా ఆయన మాట కంటే ఆ 'సరే సార్' ఆమెను ఎక్కువ కాల్చింది. ఆయన నోట్లో మన్ను పడ, ఒక్క మాట ఇంటికి వచ్చి అడిగి ఉంటే ఏం పోయేది? అడిగి ఉంటే పరుపు చూపించేవాళ్ళు గదా.

ఇంట్లో చెబితే రహమతుల్లా ఎవరినీ తిట్టలేదు. పరుపు చుట్టి, తాడు కట్టి, అటక మీద పెట్టాడు. తిట్టి ఉంటే సుహానాకు కొంచెం నెమ్మదిగా ఉండేది. ఆ పరుపు ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంట్లో మంచాలు చాలని రోజున కూడా దాన్ని ఎవరూ దించరు.

తర్వాత ఆమె డిగ్రీ ముగించింది, కడపలో ఎమ్మెస్సీ చేసింది, జమ్మలమడుగు కాలేజీలో చేరింది. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సు. ఏటా ఎవరో ఒక పిల్లను బెంగుళూరుకో హైదరాబాదుకో ఎక్కించి వచ్చిన రోజు మనసులో త్రివిక్రమరావును నిలబెట్టి, చూడు సార్, ఈ ఇంట్లో కూడా పంపినారు అని చెప్పుకునేది. అట్లా చెప్పుకోవడంతో కడుపు నిండలేదు.

ఆయన రిటైరై జమ్మలమడుగులో సొంత ఇంటికి వచ్చేశాడని, కూతురు మహతిని ఈ కాలేజీలోనే చేర్చాడని తెలిసినప్పుడు సుహానాకు నవ్వొచ్చింది. దేవుడికి కూడా మతిమరుపు లేదనుకుంది. దానికి తోడు ఆయన కనిపించినవాళ్ళందరితో "సుహానా నా స్టూడెంటే, నేను తయారుచేసిన పిల్ల" అని చెప్పుకుంటున్నాడట. అది విని ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మహతి మంచి పిల్ల. లెక్క అప్పజెబితే తేలేదాకా వదిలేది కాదు. రెండో ఏడులో ఆ పిల్లే వచ్చి సిఫారసు అడిగింది. సుహానా రాసింది, ఉన్నదున్నట్టు, బాగా రాసింది. రాసి, పంపే బటన్ నొక్కకుండా దాచిపెట్టింది. అన్ని ఇళ్ళకూ ఫోన్ చేసింది గానీ ఆ ఒక్క ఇంటికి మాత్రం చేయలేదు.

"మేడం, మీది ఇంకా రాలేదని చూపిస్తాంది" అంది మహతి.

"పంపుతాలేమ్మా."

ఆ మాట అచ్చం ఆయన గొంతుతోనే వచ్చింది. మొదటిరోజు అది నోటికి తియ్యగా తగిలింది. మహతి మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగి, తల వంచుకుని పోతూ ఉంటే ఆ తీపి కొంచెం కొంచెంగా విరిగింది. అయినా నొక్కలేదు. షాహీదాబీ కనిపెట్టింది.

"ఆ పిల్లేం జేసింది?"

"ఏం జేయలా అమ్మీ."

"అట్లయితే చేసినాయప్పను పిలిపీ. పిల్లను ఏడిపించేదేంది?"

గడువు ఆఖరి రోజున సుహానా మహతితో మీ నాన్నను తీసుకుని రా అని చెప్పింది. మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబు ఖాళీగా ఉంది. త్రివిక్రమరావు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. వెనక మహతి.

"ఏమ్మా సుహానా, ఈ పొద్దే ఆఖరంట గదా. ఇంకా నీ మాట పోలేదంటాంది పాప. మరిచిపోతివా?"

"మరిచిపోలా సార్. నేనే పంపలా."

"ఎందుకమ్మా?"

"మీ ఇండ్లల్లో మడీ ఆచారం ఉంటాయి గదా సార్. హాస్టలు కూడు యాడ తింటాది, పంపరులే అనుకున్నా. సీటొచ్చినాక పోకపోతే కాలేజీకి మాటొస్తాది. పాప మంచికే."

ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎవురు చెప్పినారమ్మా నీకు? మా యింట్లో అందురం ఒప్పుకొన్యాం. మా ఇంటామె ఆండాళ్ అప్పుడే పొడులు గూడ కొట్టి పెట్టె. ఒక్క మాట అడిగింటే చెప్పిందుము గదా. అడక్కుండా నీకు నువ్వే అనుకుంటే ఎట్లమ్మా?"

సుహానా ఏడేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. తను అడగలేకపోయిన మాట, ఆయన నోటితోనే వచ్చింది.

"ఆ మాటే సార్, నేను మిమ్మల్ని అడగాల్సింది. స్టాఫ్‌రూములో మీరు కమలాపండు ఒలుస్తాంటే అడగల్యాకపోతి. సరే సార్ అని వొచ్చేస్తి. మా అమ్మీ గూడ ఏయే డబ్బాలు పంపాల్నో అన్నీ అనుకొని పెట్టింది. మా అబ్బా పరుపు కుట్టినాడు. మీరు అడగల్యా."

ఆయనకు గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. వచ్చాక కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నేను మంచికే చేస్తినమ్మా" అన్నాడు, ఈసారి గొంతు చిన్నదైంది.

సుహానా మహతి వైపు చూసింది. ఆ పిల్ల ఏడుస్తుందని, నాన్న మీదో తన మీదో కోప్పడుతుందని అనుకుంది. ఏది జరిగినా తనకు కొంత చల్లబడుతుందనే ఆ పిల్లను కూడా నిలబెట్టింది. మహతి ఏడవలేదు. తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"మేడం ఒక్కతేనా నాన్నా? ఇంకా ఎంతమందికి అట్ల అనుకుంటివి?"

మహతి కదల్లేదు. చివరికి ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు.

"జానీబీ అని, పులివెందుల పిల్ల ఉణ్ణింది. మెహరున్నీసా ఒకామె. లింగాల నుంచి వొచ్చే పాప ఒకటి, పేరు తెలీడంల్యా."

జానీబీ తనకు జూనియర్. సెమినార్లో ధైర్యంగా లేచి ప్రశ్నలడిగే పిల్ల. ఇన్నాళ్ళూ ఆ అన్యాయం తన ఒక్కదానిదే అనుకుని, ఆ మంటను తనే కాచుకుంది. ఎన్ని ఇళ్ళలో ఎన్ని సంచులు సర్ది, మళ్ళీ విప్పారో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. వాళ్ళను అడగాలని తనకూ తోచలేదు. ఆ ఆలోచనతో ఆమె కోపం తగ్గలేదు, పది రెట్లు పెరిగింది.

కంప్యూటరు ముందుకు వంగి బటన్ నొక్కింది. చేరిందని తెర మీద వచ్చింది.

"పాపది పోయింది సార్. మీరు జేసిన పని నేను జేస్తే, మీకూ నాకూ తేడా ల్యాకపోతాది. నన్ను వదిలేయండి. నాకు చెప్పాల్సింది మీ నోటితోనే చెప్పినారు. ఆ మిగతా ఇండ్లకు పోండి. పోయి ఆ పొద్దు అడగాల్సిన మాట ఇప్పుడు అడగండి."

"ఇప్పుడడిగి ఏం లాభమమ్మా? చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు."

"కాలింది మీ చేతులు కాదు గదా సార్."

తలుపు దగ్గర మహతి ఆగింది. "అందరి ఇండ్లకూ పొయ్యొచ్చినాకే నేను రైలెక్కేది, నాన్నా. ల్యాకపోతే సీటొచ్చినా పోను" అంది. కత్తి తన చేతిలోంచి ఆ పిల్ల చేతిలోకి పోయిందని సుహానాకు అర్థమైంది. ఆ చేతిలోనే అది బాగా తెగుతుందని కూడా.

ఆయన రేపు మాపంటూ రంజాను నెల దాకా సాగదీశాడు. బెంగుళూరు జాబితాలో మహతి పేరు వచ్చాక ఇక తప్పలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పులివెందుల నుంచి మహతి ఫోన్ చేసింది. సుహానా ప్రొద్దుటూరు ఇంట్లో ఉంది.

"జానీబీ వాళ్ళింటి బయట ఉండాం మేడం. ఆమె రోజాలో ఉండాది. అయినా నాన్నకు నీళ్ళు తెచ్చిచ్చింది."

"అడిగినాడా?"

"నిలబడుకొనే అడిగినాడు. ఆ ఏడు మీ యింట్లో పంపిందురా అమ్మా అని. వాళ్ళమ్మ చెప్పింది, బ్యాగు సర్ది పెట్టింటిమి సార్, శానా దినాలు ఇప్పనీల్యా మా పాప అని."

"మీ నాన్న ఏమనె?"

"నీళ్ళు గూడ తాగల్యా. గ్లాసు అట్లే పట్టుకొని కూచ్చున్యాడు."

సుహానా అటక వైపు చూసింది. నీలం చారల గుడ్డ అంచు కనిపిస్తోంది.

"తర్వాత యాడికి?"

"మెహరున్నీసా వల్లూరులో ఉందంట మేడం. రేపు పోతాం." మహతి కొంచెం ఆగింది. "ఆ లింగాల పాప పేరే నాన్నకు గుర్తు రాలేదు. ఎవురినడిగినా తెలీదంటాండారు. ఆమెను వదిలేద్దామంటాండాడు."

"వదిలేది ల్యా. లింగాలకు పోయి, ఇల్లిల్లూ తిరిగి అడగమను" అంది సుహానా.