ఇంటిపేరు లేని అమ్మాయి

మొన్న మనవరాలి స్కూలు అడ్మిషన్ ఫారం నింపుతుంటే ఇంటిపేరు గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. "ఏంటత్తయ్యా అంత ఆలోచన, మన ఇంటిపేరు మర్చిపోయారా?" అని కోడలు నవ్వింది. మర్చిపోలేదు. ఆ గడి చూస్తే నాకు దోహా గుర్తొస్తుంది, అక్కడ నేను వెలగబెట్టిన ఒక ఘనకార్యం గుర్తొస్తుంది.

అప్పట్లో మేం దోహాలోని అల్ మన్సూరా పేటలో ఉండేవాళ్ళం. మా ఆయన స్టేడియం రోడ్ల పనిలో ఇంజినీరు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ముంచుకొస్తోందని ఊరంతా తవ్విపోసేవారు. పొద్దున కూరగాయలకు వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. తాలిబన్ల చేతిలో కాబూల్ పడిపోయాక విమానాల్లో వచ్చిన ఆఫ్ఘన్ కుటుంబాలను ఫుట్‌బాల్ అతిథుల కోసం కట్టిన విల్లాల్లో దించారు. వాళ్ళకి ఇంగ్లీషు నేర్పే మనుషులు కావాలంటే, కాకినాడలో పదిహేనేళ్ళు టీచరుగా చేసినదాన్ని, నేను వెళ్తానన్నాను. "నీ హిందీ విన్నాక వాళ్ళకి ఇంగ్లీషు మీద కూడా విరక్తి పుడుతుంది" అన్నారు మా ఆయన. అయినా వెళ్ళాను.

ఆ తల్లీకూతుళ్ళు అక్కడే పరిచయమయ్యారు. హజారా తెగవాళ్ళు. అంతకుముందు నేనా మాటే వినలేదు. సన్నటి కళ్ళు, ఎత్తయిన చెంపలు చూసి మొదటిరోజు నేపాలీలనుకున్నాను. ఆ ముఖాల వల్లే, షియాలైనందువల్లే, సొంత దేశంలో వాళ్ళని తరతరాలుగా తరిమారని తర్వాత తెలిసింది. తల్లి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేసింది. కొన్నాళ్ళు పాకిస్తాన్‌లోని క్వెట్టాలో తలదాచుకున్నప్పుడు ఇద్దరికీ ఉర్దూ వచ్చిందట, నా హిందీతో మాటలు అలా కలిశాయి. నన్ను బాజీ అనేది, అంటే అక్క. కూతురికి నేను ఖాలాని, పెద్దమ్మనన్నమాట. పద్దెనిమిదేళ్ళ పిల్ల. కాబూల్లో తను చదివే కోచింగ్ సెంటర్లో బాంబు పేలితే, వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళి అదే క్లాసులో కూర్చుందట. ఆ తర్వాత ఆడపిల్లలకి బడులే మూసేశారు. యాలకుల టీ తాగేటప్పుడు పంచదారకు బదులు చాక్లెట్ బుగ్గన పెట్టుకోవడం వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. బదులుగా పులిహోర రుచి చూపిస్తే తల్లి ఎండుమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ పాఠం అంతటితో ఆపేశాను.

అమ్మాయికి నర్సింగ్ చదవాలని కోరిక. వేరే దేశంలో ఒక యూనివర్సిటీ ఇలాంటి పిల్లలకి ఉచితంగా సీట్లిస్తోందని తెలిసి ఇద్దరం నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అంతా నింపి ఇంటిపేరు దగ్గర ఆగాం. "నాకు లేదు ఖాలా" అంది. గుర్తింపు కాగితంలో తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. నాకు నమ్మశక్యం కాలేదు. ఇంటిపేరు లేని మనుషులుంటారా? మనలో సగంమందికి ఇంటిపేరంటే ముత్తాతలు ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊరి పేరే కదా. "మీ సొంతూరేది?" అన్నాను. ఆ పిల్ల కాసేపు నా ముఖం చూసి, గజ్నీ కొండల్లోని ఓ ఊరి పేరు మెల్లిగా చెప్పింది. "ఇదిగో, ఇవాళ్టి నుంచి ఇదే మీ ఇంటిపేరు" అని టైపు కొట్టి పంపించేశాను. ఇంటికెళ్ళి మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెండు నెలలకి సీటొచ్చింది. ఉత్తరం ప్రింటు తీసి, స్వీట్ల డబ్బా పట్టుకుని పరిగెత్తాను. తల్లి సంబరంగా అందుకుని కూతురి పేరు చదివింది, దాని పక్కన ఊరి పేరు చదివింది, కాగితం బోర్లా పెట్టేసింది. "ఇదెవరు రాశారు బాజీ?" నేనేనన్నాను. అప్పుడు చెప్పింది. ఎనిమిదేళ్ళ క్రితం ఆమె భర్త బస్సులో వెళ్తుంటే తుపాకులవాళ్ళు ఆపి, ఏ ఊరని ఒక్కొక్కరినీ అడిగారట. హజారా ఊళ్ళు చెప్పినవాళ్ళని దించేశారు. ఆయనా చెప్పాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పట్నుంచి ఎవరడిగినా కాబూల్ అనమని పిల్లకి నేర్పింది, తనూ ఆ పేరు ఎత్తలేదు. "ముఖం దాచలేం బాజీ, ఊరి పేరైనా దాచుకోవచ్చు కదా. ఈ పేరుతో నా పిల్లని ఒంటరిగా ఎక్కడికీ పంపను." నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక మాటైనా అడక్కుండా వాళ్ళ ప్రాణభయాన్ని అచ్చు కొట్టించాను.

పేరు మార్చమని యూనివర్సిటీకి రాశాను. మార్చాలంటే కొత్త దరఖాస్తు పెట్టి వచ్చే ఏడాది దాకా ఆగాలన్నారు. లేదంటే ఇదే పేరుతో, వాళ్ళ నిబంధన ప్రకారం తల్లి సంతకం చేసిన అంగీకారపత్రం గురువారంలోగా అందాలి. విల్లాలు ఖాళీ చేయాలని అప్పటికే గుసగుసలు. ఏడాది తర్వాత వీళ్ళెక్కడుంటారో ఎవరికి తెలుసు? మూడు రోజులు అటు వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు. "తప్పు చేసినదానివి, వెళ్ళి ఎదురుగా కూర్చో. టీ అయినా పోస్తారు" అని మా ఆయనే తరిమారు.

గురువారం వెళ్ళేసరికి ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. నేను క్షమాపణ మొదలుపెట్టగానే అమ్మాయి ఆపింది. నాకోసం ఉర్దూలోనే, "ఖాలా తప్పు లేదమ్మా. నేను కావాలనే చెప్పాను" అంది. "నాన్న దాచలేదు."

"దాచలేదు కాబట్టే లేడు" అంది తల్లి.

"అక్కడ బస్సులు ఆపేవాళ్ళు లేరమ్మా. ఎనిమిదేళ్ళు కాబూల్ పిల్లనన్నాను, చాలు. నన్ను మా ఊరి పిల్లగా చదువుకోనీ."

తల్లి నా వైపు తిరిగి పెన్ను ఇమ్మని చేయి చాపింది.

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది. తల్లి కూడా అక్కడికే చేరింది, మళ్ళీ పిల్లలకి పాఠాలు చెబుతోంది. అవన్నీ సంతోషమే. కానీ నేను తరచుగా తలుచుకునేది ఆ గురువారాన్నే. సంతకం దగ్గర ఆమె తన పేరు రాసింది. పెన్ను ఎత్తలేదు. దాని పక్కనే ఊరి పేరు కూడా రాసి కాగితం నా చేతికిచ్చింది. ఎనిమిదేళ్ళు నోట రానివ్వని పేరు. రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు.