మిలిటరీ బండిలో మా కాపురం

మా ఆయన పదిహేడేళ్లు మిలిటరీలో డ్రైవరుగా చేసి, డెబ్బైల మొదట్లో పెన్షన్ తీసుకుని బెజవాడ వచ్చేశారు. నేనప్పుడు ఒక మిషన్ స్కూల్లో టీచర్ని. మాకు పిల్లల్లేరు. పెళ్లయ్యాక ఆయన నా దగ్గర గడిపిన సెలవులన్నీ కలిపినా మూడేళ్లు దాటవు. మిగతా కాలమంతా ఉత్తరాల కాపురమే. ఏ కొండల్లో ఉన్నా, ఎంత చలిలో ఉన్నా, ఉత్తరం చివర ఒక మాట మాత్రం తప్పకుండా రాసేవారు. 'ఇవన్నీ నీకు ఒక్కసారి చూపించాలి' అని.

పటమటలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాలుగు వాటాలకీ కలిపి ఒకే కుళాయి. ఆయన ఆటోనగర్లో ఒక షెడ్డులో మెకానిక్కుగా చేరారు. పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేవారు. ఇంటికి వస్తే మాత్రం కాలు నిలిచేది కాదు. తెల్లవారుజామునే లేచి, దుప్పటి నాలుగు మూలలూ సరిచేసి మడతపెట్టి, వెళ్లి వాకిట్లో నిలబడేవారు. ఏం చేస్తున్నారని అడిగితే, 'ఏమీ లేదోయ్, గాలికి' అనేవారు.

అలా ఏడాది గడిచాక ఒక శనివారం మధ్యాహ్నం మా వీధి చివర పెద్ద చప్పుడైంది. బయటికి వెళ్లి చూస్తే, మిలిటరీవాళ్లు వాడి వాడి వేలంలో అమ్మేసిన లారీ ఒకటి నిలబడి ఉంది. దానికి ఒక లైటు లేదు. ఒక పక్క తలుపు తాడుతో కట్టి ఉంది. స్టీరింగు ముందు మా ఆయన. వీధిలో జనం పోగయ్యారు.

"ఏమిటండీ ఇది?" అన్నాను.

"ఇల్లు."

"ఇల్లేమిటి?"

"ఉత్తరాల్లో రాశాను కదా, అవన్నీ చూపిస్తానని. రైల్లో వెళ్తే ఏం కనిపిస్తాయి, స్టేషన్లు తప్ప? ఇందులో వెళ్దాం. మన వంట మనదే, మన పక్క మనదే, మన నీళ్లు మనవే. ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు. ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుదాం."

రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున కుళాయి దగ్గర పక్కవాటావాళ్లతో బిందెల గొడవ పడి లోపలికి వస్తుంటే, 'మన నీళ్లు మనవే' అన్న ఆయన మాట గుర్తొచ్చింది. బిందె దించి, "నీళ్లెక్కడ పెడతారు ఆ బండిలో?" అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది.

వీధిలో చోటు చాలక, పాస్టరు గారిని అడిగి బండిని చర్చి ఆవరణలో పెట్టించాం. బాడీ కట్టడానికి ఆటోనగర్ నుంచి ఒక ముసలి వడ్రంగి మేస్త్రి వచ్చాడు. వాళ్లది కొండపల్లి, ఇంటిల్లిపాదీ బొమ్మలు చేసేవాళ్లు. తన చేతులు మోటువని, వేలెడంత బొమ్మలు తన వల్ల కాక లారీ బాడీల్లోకి వచ్చేశానని తనే చెప్పుకునేవాడు.

మా ఆయన గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి ప్లాను గీశారు. అందులో స్టవ్వు నేల మీద ఉంది.

"ఇక్కడ కూర్చుని వండుకోవచ్చు" అన్నారు.

"పుట్టినప్పటి నుంచీ కూర్చునే వండుతున్నాను. ఈ ఇంట్లో నిలబడి వండుతాను" అన్నాను.

"చోటు చాలదోయ్."

మేస్త్రి మా ఇద్దరినీ చూసి, చెవిన పెట్టుకున్న పెన్సిలు తీశాడు. "టీచరమ్మగారూ, ఒక్కసారి ఎక్కి ఇలా నిలబడండి" అన్నాడు. నేను ఎక్కి నిలబడితే, నా నడుము ఎత్తున బండి గోడ మీద గీత గీశాడు. "బాబుగారూ, వంటగట్టు ఇక్కడ వస్తుంది. మిగతావి మీరే సర్దుకోవాలి" అన్నాడు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

బండి తయారవడానికి ఎనిమిది నెలలు పట్టింది. పెట్రోలు ఇంజను తీసేసి పాత డీజిలు ఇంజను వేశారు. రెండు పక్కలా బల్లలు. పగలు కూర్చోడానికి, రాత్రి పడుకోడానికి. వాటి కింద బియ్యం, పప్పులు, ఉల్లిపాయల డబ్బాలు. కుదుపులకి గిన్నెలు జారిపోకుండా ప్రతి అరకీ బెత్తెడు అంచు. బండి నడుస్తున్నంతసేపూ ఛార్జయ్యేలా రెండో బ్యాటరీ, దాంతో రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను. వెనక తలుపు పక్కన ఇనుప చువ్వలకి టార్పాలిన్ కట్టుకుంటే స్నానాల గది.

నీళ్ల దగ్గర మాత్రం ఏడుపొచ్చింది. డబ్బు కలిసొస్తుందని ఆయన పాత కిరసనాయిలు డ్రమ్ము ఒకటి తెచ్చి పైన బిగించారు. సున్నం వేసి కడిగాం, చింతపండు వేసి కడిగాం, మరుగునీళ్లు పోశాం. కుళాయి తిప్పితే నీళ్లతో పాటు కిరసనాయిలు వాసన. ఆ నీళ్లతో కాచిన మొదటి కాఫీ పాస్టరు గారికే ఇచ్చాను. పాపం ఆయన మొత్తం తాగేసి, "బాగుందమ్మా" అన్నారు. మర్నాడే డ్రమ్ము దించేసి కొత్త రేకు ట్యాంకు చేయించాం.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా వరసకట్టి బండి చూసి వెళ్లేవాళ్లు. ఒకావిడ గట్టు మీద చెయ్యి వేసి, కుళాయి తిప్పి, కట్టేసి, మళ్లీ తిప్పి చూసి దిగిపోయింది.

రిజిస్ట్రేషనుకి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇది సరుకుల బండా, మనుషుల బండా?"

"ఇల్లండీ" అన్నారు మా ఆయన.

"ఇళ్లకి మేం నంబర్లివ్వమండీ, మున్సిపాలిటీవాళ్లిస్తారు" అని నవ్వాడు. మంచివాడే. మిలిటరీ పచ్చరంగు ఉండకూడదన్నాడు. ఆకాశం రంగు వేయించి తీసుకెళ్తే నంబరిచ్చాడు.

దసరా సెలవులకి మొదటిసారి బయల్దేరాం. కరకట్ట మీదుగా చల్లపల్లి, అక్కణ్ణుంచి అవనిగడ్డ. కాలవగట్టు మీద చింతకొమ్మ తగిలి ట్యాంకు మూత ఎగిరి చేలో పడితే, నడుం లోతు వరిలో దిగి వెతుక్కున్నాం. కూచిపూడిలో ఒక సాయంత్రం ఆగితే, ఎవరి అరుగు మీదో పిల్లలు అడుగులు నేర్చుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ తాళానికే నేను వంకాయలు తరిగాను. ఎవరి ఇంటికీ వెళ్లలేదు, ఎవరినీ చెంబెడు నీళ్లు అడగలేదు. ఆయన స్టూలు వేసుకుని బండి నీడలో కూర్చుని పేపరు చదువుకున్నారు. బెజవాడలో ఒక గంట కూడా అలా కుదురుగా కూర్చున్న మనిషి కాదు.

రెండేళ్లలో కృష్ణ రెండు పక్కలా మేము చూడని ఊరు లేదు. కొండల ప్రయాణం మాత్రం వాయిదా పడుతూనే ఉంది. మొదటి ఎండాకాలం స్ప్రింగు పట్టీలు మార్చాలన్నారు. రెండోసారి రేడియేటరు. ఆ తర్వాత బ్రేకులు. మనిషి పనిలో నిక్కచ్చి కదా, అందుకేననుకున్నాను.

మా తమ్ముడు శ్రీశైలం డ్యాం పనిలో ఓవర్సీరు. వాడికి ఆడపిల్ల పుట్టి అయిదో నెల వచ్చింది. 'బావగారి బండిలో మీరిద్దరూ తప్పకుండా రావాలి, పాపకి మీ ఒళ్లో ప్రార్థన చేయిద్దాం' అని రాశాడు. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "వెళ్దాంలే" అన్నారు.

మే నెలలో బయల్దేరాం. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం దాటి, రెండోరోజు సాయంత్రానికి దోర్నాల చేరాం. అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు. ఊరి చివర ఒక బావి పక్కన, వేపచెట్ల కింద బండి ఆపారు.

పొద్దున్నే బానెట్ ఎత్తి, ఫ్యాను బెల్టు వదులైందన్నారు. అది బిగించేసరికి సాయంత్రమైంది. మర్నాడు డీజిలు సరిగ్గా రావడం లేదని గొట్టాలన్నీ విప్పి మళ్లీ బిగించారు. నాకు ఇంజను సంగతులు తెలియవు గానీ, వినుకొండ నుంచి అంత హాయిగా నడిచిన బండికి రెండు రోజుల్లో ఇన్ని జబ్బులు ఎలా వచ్చాయో అర్థం కాలేదు.

మూడోరోజు తెల్లారాక కాఫీ తీసుకుని ముందుకి వెళ్లాను. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ స్టీరింగు మీద. ఇంజను ఆపే ఉంది. ఎండ ఇంకా ఎక్కలేదు, అయినా చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. నేను అవతలి తలుపు తీసి పక్కన ఎక్కి కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"కాన్వాయ్‌లో ఘాట్ ఎక్కేటప్పుడు ఎవడూ బండి ఆపకూడదు. ఏం జరిగినా సరే. ఒకడు ఆపితే వెనకవన్నీ జారతాయి."

"ఊఁ."

"ఆరోజు వాన. నా వెనక బండిలో ఉన్నవాడూ నేనూ ఒకే రోజు చేరాం. తిండీ పక్కా ఒకేచోట. మలుపు దగ్గర అద్దంలోకి చూశాను, వాడి బండి వస్తోంది. మళ్లీ చూశాను, లేదు."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తాను? ఆపకూడదు కదా. ఎక్కుతూనే ఉన్నాను. పైన ఆపుకునే చోటు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. రెండు గంటలూ అద్దంలో చూస్తూనే ఉన్నాను."

ఆ తర్వాత ఘాట్ డ్యూటీ వెయ్యొద్దని అడగడానికి సిగ్గుపడి, ఇంకో నాలుగేళ్లు ఆ రోడ్ల మీదే తోలారట. ఆ డ్యూటీ తీరిపోయాక ఇక ఘాట్ ఎక్కడం తన వల్ల కావడం లేదన్నారు. "నీకు చూపిస్తానని రాశాను. బండి కట్టేటప్పుడు కూడా ఎక్కగలననే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను" అన్నారు.

ఆయన ఉత్తరాలన్నీ చదివాను, ఈ మాట ఒక్కదాంట్లోనూ లేదు. "కాఫీ చల్లారిపోతోంది, తాగండి" అన్నాను. ఆయన తాగారు. గ్లాసు తీసుకుని వెనక్కి వచ్చి, నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి తమ్ముడికి చీటీ రాశాను. 'నాకు ఘాట్ అంటే కళ్లు తిరుగుతున్నాయి. ఎక్కలేను. పాపని తీసుకుని మీరే దిగి రండి. ఇక్కడ అన్నీ ఉన్నాయి.'

పైకి వెళ్లే బస్సు కండక్టరుకి ఇవ్వబోతుంటే ఆయన ఆ చీటీ తీసుకుని చదివారు.

"నీకు కళ్లు తిరగడం ఎప్పుడు మొదలైంది?"

"ఇందాకే."

ఆయన చీటీని జాగ్రత్తగా మడిచి తనే కండక్టరు చేతికిచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో తమ్ముడు, మరదలు, పాప దిగారు. తమ్ముడు దిగుతూనే మొదలుపెట్టాడు. "ఇదేంటక్కా! చిన్నప్పుడు మా అందరికంటే ముందు జామచెట్టు చివరికి ఎక్కేదానివి. నీకు కొండంటే భయమా?"

"అప్పుడు బరువు తక్కువరా" అన్నాను.

మరదలు బండి లోపలికి వచ్చి కుళాయి కింద చేతులు కడుక్కుని, "వదినా, మా క్వార్టర్సులో రోజుకి అరగంట వస్తాయి నీళ్లు. ఇదే నయం" అంది. టార్పాలిన్ గదిలో పాపకి నీళ్లు పోశాం. నేను గట్టు దగ్గర నిలబడి నలుగురికి సరిపడా పులిహోర కలిపాను. మగవాళ్లు ట్యాంకు నిండేదాకా బావిలోంచి నీళ్లు తోడారు.

ప్రార్థనకి పాపని ఆయన ఒళ్లో పెట్టాం. మా ఆయన నలుగురిలో పైకి ప్రార్థన చేసే మనిషి కాదు. నేనే చేద్దామని తల వంచాను. కానీ ఆయనే గొంతు సవరించుకున్నారు. పాప పేరు చెప్పి, దీవించమని అడిగారు. కొంచెం ఆగి ఇంకో పేరు చెప్పారు, మగవాళ్ల పేరు. అతణ్ణీ, అతని తల్లినీ జ్ఞాపకం చేసుకోమని అడిగి ఆమెన్ అన్నారు.

"ఎవరండీ బావగారూ అతను?" అన్నాడు తమ్ముడు.

నాకు చెప్పినదంతా వాడికీ చెప్పారు. చివర, "మీ అక్కకి కళ్లేం తిరగలేదు. ఎక్కలేనిది నేను" అన్నారు.

పాప ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకోబోతుంటే మరదలు వారించింది. తమ్ముడు లేచి, ఆయన విస్తట్లో పులిహోర మళ్లీ వడ్డించి, "అయితే వచ్చే ఏడూ మేమే దిగొస్తాం. మీరు ఇక్కడిదాకా రండి చాలు" అన్నాడు.

మూడురోజులు ఉండి వాళ్లు పైకి వెళ్లే బస్సెక్కారు. ఆ బస్సు కొండ మలుపు తిరిగేదాకా మా ఆయన రోడ్డు మీదే నిలబడి చూశారు. తర్వాత వచ్చి బానెట్ కూడా ఎత్తకుండానే బండి స్టార్ట్ చేశారు.

ఆ తర్వాత నాలుగేళ్లు వరసగా మే నెలలో దోర్నాల వెళ్లాం. బావి దగ్గర ఊరివాళ్లకి మేం అలవాటైపోయాం. మరుసటి ఏడు బయల్దేరే ముందు ఆయన మేస్త్రిని పిలిపించి, వెనక తలుపు దగ్గర పొట్టి చెక్కమెట్టు ఒకటి అదనంగా కొట్టించారు. పాపకి నడక వచ్చిందని తమ్ముడు రాశాడు.