మా అత్త పులుపు ముద్ద

మా అత్త పోయింది. ఉగాది వెళ్లిన వారంలోనే, పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గోడకు ఒరిగింది. ఒళ్లో మట్టి చట్టి, వేళ్లకు పిండి. నేను బడిలో పాఠాలు చెప్పడానికి తయారవుతూ పిలిస్తే పలకలేదు. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకు చూసి, "అమ్మ లేదు" అన్నాడు. ఆదోనిలో మా వీధంతా ఆ మాట పాకడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదు ఆమె. జిన్నింగు మిల్లులో పత్తి ఏరింది, ఇద్దరు పిల్లల్ని పెంచింది, పోయింది. అయినా ఆమె గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు అన్నం సహించేటట్టు లేదు.

పోయే ముందు ఆమెను పట్టి పీడించిన బెంగ ఒక్కటే. తన కాళ్ల వాపు గురించి అనుకునేరు. కాదు. ఆ చట్టిలో ఉన్న పిండిముద్ద గురించి.

నేను కడప వైపు పిల్లను. కొత్త కోడలిగా వచ్చిన రోజు వంటింట్లో ఏదో ఘాటు వాసన. ఎలుక చచ్చిందేమోనని గూళ్లన్నీ వెతికాను. మా అత్త గడపలో నిలబడి చూసి చూసి నవ్వింది.

"యాడ ఎతుకుతాండావే పాపా? ఈడ ఉండాది చూడు," అంటూ బియ్యం డబ్బా వెనకనుంచి చట్టి తీసి గుడ్డ విప్పింది. లోపల గోధుమపిండి ముద్ద, ఒళ్లంతా చిల్లులు పడి ఉబ్బి ఉంది.

"ఇది పాడైపోయింది గదా అత్తా?"

"మీ కడపోళ్లకు ముక్కు శానా పొడుగు. పాడు కాల్యా, పులిసింది. నీ మొగునికంటే దీనికే వయసెక్కువ. మర్యాదగా మాట్లాడు."

దాన్ని ఆమె పులుపు ముద్ద అనేది. ఎదురింట్లో ముస్లిముల రొట్టెల భట్టీ ఉండేది. వాళ్లు దాన్ని ఖమీరు అనేవాళ్లు. అది కలిపితేనే వాళ్ల రొట్టె పొంగేది. ఆ ఇంటావిడను మా అత్త బూబమ్మ అని పిలిచేది. వానల్లేని ఒక ఏడు మిల్లుకు పత్తి రాక పని నిలిచిపోతే, బూబమ్మ తన ఖమీరులోంచి గుప్పెడు తీసి మా అత్త చేతిలో పెట్టిందట. "దినామూ ఇంత పిండి, ఇన్ని నీళ్లు పెట్టు అక్కా. మిగిలింది అది పెడ్తాది నీకు," అన్నదట. ఆ ఏడు మా ఇంటిని గట్టెక్కించింది ఆ గుప్పెడే అని మా మామ కూడా ఒప్పుకునేవాడు. ఆయన దేన్నీ ఒక పట్టాన ఒప్పుకునే మనిషి కాదు.

పని చిన్నదే. పొద్దున్నే ముద్దలో సగం తీసేయాలి. మిగతా సగానికి కొత్త పిండి, నీళ్లు కలిపి గుడ్డ కట్టాలి. తీసేసిన సగాన్ని మేం మిగులు అనేవాళ్లం. మిగులుతోనే మా ఇంట్లో సగం వంటలు. నీళ్లు పోసి జారుగా కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరప, జీలకర్ర వేసి పెనం మీద పుల్లట్టు వేసేది. వేరుశనగలను ఈ వైపు బుడ్డలంటారు. పుల్లట్టులోకి బుడ్డల పొడి ఉంటే ఇంకేం అక్కర్లేదు. జొన్నపిండిలో కాస్త కలిపితే రొట్టె మరునాటికీ మెత్తగా ఉండేది. గట్టిగా ఉన్న రోజు చిన్న ఉండలు చేసి ఉడుకుతున్న ఉలవచారులో వేసేది. మూతి ముడుచుకుని వచ్చిన నేనే, మొదటి కాన్పు తర్వాత ఆ ఉండలు తప్ప ఇంకేదీ నోట పెట్టలేకపోయాను.

"అత్తా, ఏం కూర చేద్దాం?" అని నేను అడిగితే, "ఏమప్పా, ఏం చేద్దామంటావు?" అని ఆమె చట్టిని అడిగేది. పొద్దున గుడ్డ విప్పగానే కళ్లు మూసుకుని వాసన చూసేది. బాగా పొంగి ఉంటే, "లేసినావా అప్పా," అని మెచ్చుకునేది. చలికాలం ముద్ద బద్ధకిస్తే, "మీ అబ్బ సొమ్మేం పోయింది, లెయ్యి," అని తిట్టేది. మా ఆయనను కూడా అదే మాటతో లేపేది. ఇద్దరిలో ముద్దే ముందు లేచేది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. చావు జరిగిన ఇంట్లో మైల. వండినవి, తోడి పెట్టిన నీళ్లు అన్నీ పారబోయాలి. బియ్యం, పప్పు, పొడిపిండి ఉండొచ్చు. మరి నీళ్లు కలిసి పులిసిన ముద్ద ఏ లెక్కలోకి వస్తుంది? మా మామ పోయినప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. నేను చట్టిని అటక మీద దాచబోతే మా అత్త చూసింది. ఏడుస్తూనే చెయ్యి చాచింది.

"ఇట్ల తే. నీళ్లు తగిలినంక అది వండినట్టే. ఊరికొక న్యాయము, నాకొక న్యాయమా?"

తన చేత్తోనే పారబోసింది. నాకు అయ్యో అనిపించింది గానీ, ఆమె అంత నిబ్బరంగా ఎలా ఉందో మైల తీరిన రోజు తెలిసింది. పొద్దున్నే స్నానం చేసి, గిన్నె పట్టుకుని వీధి దాటి భట్టీ ముందు నిలబడింది. బూబమ్మ అప్పటికే ముద్ద తీసిపెట్టుకుని ఎదురుచూస్తోంది. మా మైల వాళ్లింటికి అంటదు. వాళ్లింట్లో చావైనప్పుడు, వాళ్లు పొయ్యి ముట్టించని రోజుల్లో, వాళ్ల ముద్దకు మా ఇంట్లో మేత. ఇద్దరూ ఎన్నడూ కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం కాదది. ఒక ఇంట్లో చస్తే ఇంకో ఇంట్లో బతికేది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు భట్టీ పోయింది. బూబమ్మ బళ్లారిలో కూతురి దగ్గరికి వెళ్లింది. వెళ్తూ డబ్బాలో ముద్ద పెట్టుకుంది. పోయినేడు ఆమె కూడా పోయింది. అక్కడి ముద్ద సంగతి అడిగే ధైర్యం మా అత్తకు లేదు. నేనే ఫోన్ చేశాను. బూబమ్మ కూతురు, "అమ్మీ ఉన్నన్ని దినాలే అది గూడా అక్కా," అంది. నేను ఫోన్ పెట్టేశాక మా అత్త నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి మొదలైంది ఆమె తిరుగుడు. భట్టీ పోయాక మా వీధంతా దాయాదులే. మా ఇంట్లో చావైతే అందరికీ మైలే, అందరి చట్లూ ఖాళీ. కాబట్టి ముద్ద మా వాళ్లు కాని ఇంట్లో ఉండాలి. కాళ్లు బూరెల్లా వాచినా, కర్ర పట్టుకుని, చిన్న స్టీలు డబ్బాలో ముద్ద వేసుకుని బయల్దేరేది. నేను వెంట వెళ్లేదాన్ని.

"ఎందుకత్తా ఈ తిప్పలు, కూర్చో," అంటే ఒకసారి గట్టిగానే అంది. "నేను పోతే ఇది నాతో రాగూడదు పాపా. ఇంతమందికి పెట్టింది. దాన్ని సంపినదాన్ని నేను కాగూడదు. ఒక్క ఇల్లు దొరికితే సాలు."

సరే, దొరుకుతుందిలే అన్నాను. అనడానికేం, నోరు నాదే.

మూడిళ్లలో ఇచ్చింది. ఒకటి మా బడిలో సైన్సు చెప్పే టీచరమ్మకు. రెండోది వీధి చివర టిఫిన్ బండి పెట్టే అన్నకు. మూడోది కొత్త ఫ్లాట్లలో ఉండే బ్యాంకు మేడమ్‌కు. ఆ మేడమ్ డబ్బా మూత తీసి, వెంటనే పెట్టేసి, "తప్పకుండా అవ్వా, చూసుకుంటాను," అంది. మంచి మనిషే. కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. మెట్లు దిగుతూ మా అత్త అంది కదా:

"మూత యెంత బిరీన పెట్టింది చూసినావా? పారేస్తాదిలే."

"మరి ఎందుకిచ్చావత్తా?"

"ఇయ్యకుంటే నేనే పారేసినట్టు గదా."

ఆ తర్వాత ఇంకొకరిని అడగలేదు. ఎవరూ కనపడలేదు కూడా. వీధి మొదట్లో దుకాణంలో ప్యాకెట్ పిండి వేలాడుతోంది. కత్తిరించి పోసుకోవడమే. ఎవరిని తప్పు పట్టను? మాకూ పని ఎక్కువైన రోజు ఆ ప్యాకెట్లే తెచ్చుకున్నాం.

ఆమె పోయిన రోజు మా వదిన, అంటే ఆమె కూతురు, ఎమ్మిగనూరు నుంచి ఎండ ఎక్కకముందే వచ్చేసింది. స్నానం చేయించేటప్పుడు అమ్మ గోళ్లలో ఎండిపోయిన పిండిని ఒక్కొక్క గోరూ పట్టుకుని నీళ్లతో నానబెట్టి తీసింది. శవాన్ని లేపాక ఇల్లు కడగడం మొదలైంది. కుండల్లో నీళ్లు పోశారు. రాత్రి అన్నం పోశారు. వదిన కన్ను చట్టి మీద పడింది.

"అది గూడా పాపా."

"ఇది వండింది కాదు వదినా."

"వండినట్టే. నాయన పోయినప్పుడు అమ్మ ఏమన్నాదో నీకు యాదికి ల్యాదా? ఆయమ్మ మాట ఆయమ్మకే చెల్లకుండా పోవల్లనా?"

ఆమె కఠినంగా అనలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వదిన మీద కాదు, అంత ఖచ్చితంగా బతికిన మా అత్త మీద. కాస్త అబద్ధం ఆడి ఉంటే ఏం పోయేది ఆమెకు? పెరట్లో కాలవ పక్కన నాపరాతి బండ ఉంది. చట్టి దాని మీద బోర్లించాను. ముద్ద అడుగుకు అంటుకుని రాలేదు. వేళ్లు పెట్టి తీయాల్సి వచ్చింది.

మగవాళ్లు శ్మశానానికి వెళ్లాక, స్నానం చేసి, తడిజుట్టుతోనే పెరటి గడప మీద కూర్చుని ఫోన్ తీశాను. మూడిళ్లు ఉన్నాయి కదా, ఎక్కడో ఒకచోట ఉండకపోదు అనుకున్నాను. సైన్సు టీచరు ఎత్తగానే ఏడ్చింది. తర్వాత చెప్పింది, వాళ్లమ్మ ఊరినుంచి వచ్చి, కుళ్లిందనుకుని డబ్బా తోమి బోర్లించిందట. బ్యాంకు మేడమ్ హైదరాబాదులో ఉంది. "ఫ్రిజ్‌లోనే పెట్టానండీ, నేను పారేయలేదు. కరెంటు పోయిందేమో, పనమ్మాయి తీసేసినట్టుంది," అంది. టిఫిన్ బండి అన్న దండ తీసుకుని ఇంటికే వచ్చాడు. అప్పటికే శవాన్ని తీసుకెళ్లిపోయారు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. అడిగాను.

"ఆ పొద్దే పునుగుల్లో ఏసేసినా అక్కా," అన్నాడు తల వంచుకుని. "శానా బాగొచ్చినాయి. అందరూ అడిగినారు."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాయం. నవ్వొచ్చింది నాకు, ఆ ఏడుపులోనే. కనీసం ఆ అన్న నిజం చెప్పాడు. పునుగులైనా ఎవరో తిన్నారు.

వదిన వచ్చి పక్కన కూర్చుంది. సంగతి చెప్పాను. "పోనీలే పాపా. మైల తీరినంక ఇంకొగటి కలుపుకుందువు. పిండీ నీళ్లే గదా," అంది. నిజమే, పిండీ నీళ్లే. ఎవరు కలిపినా నాలుగు రోజులకు పులుస్తుంది. మైల తీరాక నేను కలిపాను కూడా. పులిసింది. అట్టు వేశాను. మా ఆయన ఒక తునక తిని, "బాగుంది," అన్నాడు. రెండో అట్టు అడగలేదు. కాలం అన్నీ సర్దుతుందని చెప్పడానికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఆ బూబమ్మ చెయ్యి, మా అత్త చెయ్యి, ఆ కరువు ఏడు ఇంకెక్కడా దొరకవు. ఆమె నన్ను అడిగింది ఒక్కటే, అది నేను చేయలేకపోయాను.

ఆమె పోయిన ఆ రోజే, పొద్దు వాలుతుండగా మగవాళ్లు తిరిగి వచ్చారు. వాళ్ల కాళ్లకు నీళ్లు ఇవ్వడానికి బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లాను. పగలంతా కాగిన బండ ఇంకా కాలుతోంది. దాని మీద నేను పడేసిన ముద్ద పొంగి ఉంది. మధ్యాహ్నం నా గుప్పిట్లో పట్టినది, ఇప్పుడు రెండు చేతులకూ పట్టేలా లేదు. పైన ఎండి పొర కట్టింది, పొర నెర్రెలిచ్చింది, ఆ నెర్రెల్లోంచి తెల్లగా పైకి వస్తోంది. కాలవ వైపు నుంచి చీమలు బారు కట్టాయి. వదిన కూడా వెనకాలే వచ్చింది. చూసింది. ఇద్దరం తీయడానికి వంగలేదు. మైలది, తీయకూడదు. పొర కింద ఒక బుడగ లేచి, పగిలింది. దాని పక్కనే ఇంకొకటి లేస్తోంది.