ముందు బెంచీ మామ్మ

చర్చిలో ముందు బెంచీ కొస మామ్మది. రాగానే చెప్పులు బెంచీ కిందికి తోసి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంటుంది. పాత పాస్టరుగారు రిటైరయ్యాక, కొత్తవారిని పిలిచే ముందు వారానికొకరిచేత ప్రసంగం చేయించారు. సంఘపెద్దల చూపంతా మామ్మ మీదే. ఆవిడకి నిద్ర పట్టలేదంటే ప్రసంగం గొప్పదని వాళ్ల లెక్క. మొదటాయన మాట్లాడుతుంటే మామ్మ తల వాలిపోయింది. రెండో ఆయనకి గురక కూడా పెట్టింది. ఇద్దరినీ మర్యాదగా సాగనంపారు. మూడో ఆయన ప్రసంగించినంతసేపూ మామ్మ రెప్ప వాల్చలేదు. ఇంకేముంది, సంఘమంతా చేతులెత్తి ఆయన్నే ఎన్నుకుంది.

మెట్లు దిగుతూ మామ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "మొదటిద్దరూ బంగారంలాంటి మనుషులే. వాళ్ల మాటలకి మనసు తేలికై హాయిగా కునుకు పట్టేసింది. ఈయన కేకలకి కన్ను మూస్తే ఒట్టు! ఇంతకీ ఈయన ఎవరికి నచ్చాడమ్మా?"